బడి గంట ఎప్పుడు కొట్టాలి?

2020 నవంబరు 2, సోమవారం. ఏడు నెలల పైచిలుకు విరామం తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో బడి గంట మోగింది. అందరికీ కాదు. తొమ్మిది, పది, ఇంటర్ పిల్లలకే. గేటు దగ్గర నుదుటికి గురిపెట్టే థర్మామీటరు, అరచేతిలో రెండు చుక్కల శానిటైజరు, సంచిలో అమ్మానాన్న సంతకం పెట్టిన అంగీకారపత్రం. మాస్కుల చాటున ఎవరు ఎవరో పోల్చుకోవడానికే పిల్లలకు కాసేపు పట్టింది.

మూడు రోజులు గడిచాయో లేదో ఓ అంకె బయటికొచ్చింది. 262 మంది విద్యార్థులకు, 160 మంది దాకా టీచర్లకు కరోనా!

అంతే... దేశమంతా ఇటువైపు చూసింది. టీవీల్లో చర్చలు. ఇళ్లలో గొడవలు. 'ఏరా, అప్పుడే తొందరేమొచ్చింది? ఏడాది పోతే పోయింది, పిల్లాడు బాగుంటే చాలదూ' అని నాయనమ్మ. 'పదో తరగతే అమ్మా, ఇంట్లో కూర్చోబెడితే ఎలా' అని కొడుకు. ఇద్దరి మధ్యా పుస్తకాల సంచి తగిలించుకుని నిలబడ్డ పిల్లాడు. ఆ రోజుల్లో ఈ సన్నివేశం లేని ఇల్లు ఉందా?

అప్పటి పాఠశాల విద్యాశాఖ కమిషనర్ వాడ్రేవు చినవీరభద్రుడు మరో అంకె చెప్పారు. బడికి వచ్చిన పిల్లలు దాదాపు నాలుగు లక్షలు. అందులో 262 మంది అంటే వెయ్యికి ఒక్కరు కూడా కాదు. పైగా, బడికి రావడం వల్లే వాళ్లకు అంటుకుందనడం సరికాదన్నారు.

ఎవరి మాట నిజం? కాస్త లెక్క వేసి చూద్దాం. ఆ రోజుల్లో వైరస్ ఒంట్లో చేరాక లక్షణాలు కనబడటానికి సగటున ఐదు రోజులు పట్టేది. సోమవారం బడి తెరిస్తే గురువారానికల్లా తేలిన కేసుల్లో ఎక్కువ భాగం ఇంట్లోనో, బజార్లోనో, పెళ్లి భోజనాల దగ్గరో అంటుకున్నవే అయ్యుండాలి. బడి వాటిని పుట్టించలేదు, బయటపెట్టింది. అలాగని నాయనమ్మ భయం ఉత్తదా? కానే కాదు. ఇంటి నుంచి బడికొచ్చిన వైరస్, బడి నుంచి ఇంకో ఇంటికి వెళ్లకుండా ఉంటుందా అన్నదే ఆమె ప్రశ్న. దానికి ఆ మూడు రోజుల అంకె జవాబు చెప్పలేదు, చెప్పలేదు కూడా.

బడి మూయడానికి ఒక్క జీవో చాలు. తెరవడమే కష్టం. 2020 ఏప్రిల్ నాటికి 190కి పైగా దేశాల్లో దాదాపు 160 కోట్ల మంది పిల్లలు, విద్యార్థులు ఇళ్లలో కూర్చున్నారని యునెస్కో లెక్కగట్టింది. మూసింది అందరూ ఇంచుమించు ఒకేసారి. తెరిచింది మాత్రం ఎవరికి తోచినట్టు వాళ్లు. డెన్మార్క్ నెలరోజులకే తెరిస్తే, ఉగాండాలో పూర్తిగా తెరవడానికి 2022 జనవరి 10 దాకా... అంటే దాదాపు రెండేళ్లు పట్టింది.

చిన్నోళ్లు ముందా, పెద్దోళ్లు ముందా?

ఐరోపాలో అందరికంటే ముందు ధైర్యం చేసింది డెన్మార్క్. 2020 ఏప్రిల్ 15న తెరిచింది. ఎవరికి? పదో తరగతి వాళ్లకు కాదు. అంగన్‌వాడీ వయసు పిల్లలకు, ప్రాథమిక తరగతుల వాళ్లకు! బల్లకూ బల్లకూ రెండు మీటర్ల దూరం, తరగతిని చిన్నచిన్న జట్లుగా విడగొట్టి ఏ జట్టు ఆటలు ఆ జట్టుకే, వీలైనన్ని పాఠాలు ఆరుబయటే, గంటగంటకూ చేతులు కడగడం. 'మా పిల్లల మీద ప్రయోగాలు చేయొద్దు' అంటూ వేలమంది తల్లిదండ్రులు ఫేస్‌బుక్‌లో జట్టుకట్టారు. వాళ్లు భయపడ్డట్టు కేసులు ఎగబాకలేదు. తగ్గుముఖంలోనే ఉన్నాయి.

చిన్నోళ్లనే ముందు ఎందుకు రమ్మన్నట్టు? పదిహేనేళ్ల పిల్లాణ్ని ఇంట్లో వదిలి అమ్మానాన్నా పనికెళ్లొచ్చు. ఆరేళ్ల పిల్లను వదల్లేరు. పెద్దపిల్లలు కంప్యూటర్ ముందు కూర్చుని ఎంతోకొంత నేర్చుకుంటారు. ఆరేళ్ల పిల్లకు అక్షరం చేయి పట్టుకుని దిద్దిస్తేనే వస్తుంది. అన్నిటికీ మించి, చిన్నపిల్లల్లో ఈ జబ్బు తేలిగ్గా పోతోందని అప్పటికే కొంత తెలిసింది.

మన దగ్గర సరిగ్గా తిరగేసి చేశాం. ఆంధ్రప్రదేశ్‌లో పెద్ద తరగతులు నవంబరులో మొదలైతే, ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లల వంతు 2021 ఫిబ్రవరి 1కి గానీ రాలేదు. తెలంగాణలో అదే రోజు తొమ్మిది, ఆపై తరగతులు తెరిచారు. ఫిబ్రవరి 24న ఆరు, ఏడు, ఎనిమిది. ఆ తర్వాత నెలరోజులకే, మార్చి 24న అన్నీ మళ్లీ మూత. మధ్యలో ఒకటి నుంచి ఐదు తరగతుల వాళ్లకు పిలుపే రాలేదు. వాళ్లు బడి గడప తొక్కింది 2021 సెప్టెంబరు 1న!

కారణం ఆరోగ్యశాస్త్రం కాదు. పరీక్షలు. పబ్లిక్ పరీక్ష రాయాల్సిన వాళ్లను ముందు పిలిచాం. మన ఇళ్లలో వైరస్ కంటే పదో తరగతి పెద్దది మరి! తీరా చూస్తే ఏమైంది? 2021లో రెండు రాష్ట్రాల్లోనూ పదో తరగతి పరీక్షలు రద్దయ్యాయి. ఏ పరీక్ష కోసం పెద్దపిల్లలను ముందు రమ్మన్నామో ఆ పరీక్ష జరగనే లేదు. చిన్నపిల్లల ఏడాది మాత్రం పోయింది.

2021 జులైలో ఈ మాట సాక్షాత్తూ భారత వైద్య పరిశోధన మండలి అధిపతి బలరాం భార్గవ నోట వచ్చింది. వైరస్ ఒంట్లోకి చొరబడటానికి తలుపుల్లా పనికొచ్చే గ్రాహకాలు చిన్నపిల్లల్లో తక్కువ, పెద్దలకంటే వాళ్లు దీన్ని బాగా తట్టుకుంటారు, తెరవాలనుకుంటే ప్రాథమిక పాఠశాలలతో మొదలుపెట్టడం తెలివైన పని అన్నారాయన. టీచర్లు, బడి సిబ్బంది అందరికీ టీకా పడ్డాకే సుమా... అని కూడా చెప్పారు.

అదే రోజు ఆయన విడుదల చేసిన రక్తపరీక్షల సర్వేలో ఇంకో సంగతుంది. ఆరు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్లో 57.2 శాతం మందికి, పది నుంచి పదిహేడేళ్ల వాళ్లలో 61.6 శాతం మందికి అప్పటికే వైరస్ తగిలి వెళ్లిన ఆనవాళ్లు రక్తంలో ఉన్నాయి. అప్పటికి పిల్లలకు టీకాయే లేదు. చాలా రాష్ట్రాల్లో చిన్న తరగతులు తెరిచిందే తక్కువ. బడి మూస్తే పిల్లల దాకా రాదనుకున్నాం. బడి మూసే ఉంది, అది ఇంటికే వచ్చింది.

ఫ్లూ నేర్పిన పాఠం

అసలు మహమ్మారి అనగానే ముందు బడి మూయాలన్న ఆలోచన ఎక్కడిది? ఫ్లూ నుంచి వచ్చింది. ఫ్లూ జ్వరాలను ఇంటింటికీ మోసేది ముఖ్యంగా పిల్లలే. అందుకే దేశాలు రాసిపెట్టుకున్న ప్రణాళికల్లో బడుల మూసివేత పై వరసలో ఉండేది. 2009లో స్వైన్‌ఫ్లూ వచ్చినప్పుడు మనకూ అనుభవమే. దేశంలో మొదటి కేసు ఆ ఏడాది మే నెలలో హైదరాబాద్‌లోనే బయటపడింది. ఆగస్టు 3న పుణెలో మొదటి మరణం... పద్నాలుగేళ్ల బడిపిల్ల. ఆ వారమే ఆ ఊళ్లో బడులు మూతబడ్డాయి. తప్పనలేం. అది పిల్లలను పట్టే జబ్బు.

అయితే ఫ్లూకి కూడా అందరూ ఒకే మందు వేయలేదు. 1918లో ప్రపంచాన్ని ఊడ్చేసిన ఇన్‌ఫ్లుయెంజా కాలంలో అమెరికాలో చాలా నగరాలు బడులు మూసేస్తే న్యూయార్క్, షికాగో తెరిచే ఉంచాయి. న్యూయార్క్ ఆరోగ్య కమిషనర్ రాయల్ కోప్లాండ్ వాదన వినండి. నగరంలో పది లక్షల మంది బడిపిల్లలు. అందులో ముప్పాతిక మంది ఇరుకు అద్దె గదుల్లో ఉంటారు. బడి మూస్తే ఆ పిల్లలు వెళ్లేది ఆ గదుల్లోకీ, వీధుల్లోకీ. బడిలో అయితే వెలుతురు, గాలి ఉన్నాయి. రోజూ చూసే టీచరు, నర్సు ఉన్నారు. దగ్గు, జ్వరం కనబడిన పిల్లను వెంటనే విడదీయొచ్చు. ఆ నిర్ణయం వల్లే న్యూయార్క్‌కు మేలు జరిగిందని గట్టిగా చెప్పలేం గానీ, ఆయన వేసుకున్న ప్రశ్న మాత్రం గట్టిది. 'బడి సురక్షితమా?' అని అడగలేదాయన. 'బడి మూస్తే ఆ పిల్ల ఎక్కడుంటుంది?' అని అడిగాడు.

మన బస్తీలకూ వాడలకూ ఆ ప్రశ్న అన్వయించి చూసుకుంటే? 2020లో ఒక్క గదిలో ఆరుగురున్న ఇంటి పిల్లను 'ఇంట్లో భద్రంగా ఉండు' అన్నాం.

కిటికీల సంగతి

'తెరిచి చూద్దాం, ఏమవుతుందిలే' అనుకుంటే ఏమవుతుందో జెరూసలేం చెబుతుంది. ఇజ్రాయెల్ 2020 మే మధ్యలో బడులను పూర్తిగా తెరిచింది. సరిగ్గా ఆ వారమే వడగాడ్పులు. ఎండ 40 డిగ్రీలు దాటింది. పాపం, ఉక్కపోతలో పిల్లలకు మాస్కులెందుకని మూడు రోజులు మినహాయింపు ఇచ్చారు. గదికి 35 నుంచి 38 మంది. కిటికీలు బిగించి ఏసీలు వేశారు. జెరూసలేంలోని ఒక్క ఉన్నత పాఠశాలలో 153 మంది విద్యార్థులకు, 25 మంది సిబ్బందికి సోకింది. తెరిచిన పది రోజులకే మొదటి కేసు తేలింది.

గదికి నలభై మంది, బిగించిన కిటికీలు, ఏసీ... ఎక్కడో చూసినట్టు లేదూ? మన నగరాల్లో అపార్ట్‌మెంట్‌లాంటి భవనాల్లో నడిచే బడులు ఎన్ని లేవు! ఫీజు ఎంత ఎక్కువైతే కిటికీలు అంత తక్కువ. అదే పల్లెలోని పాత సర్కారు బడి చూడండి. ఎత్తైన కప్పు, ఎదురెదురు కిటికీలు, పొడవాటి వరండా, ముందు వేపచెట్టు. పెచ్చులూడి ఉండొచ్చు గానీ గాలికి కొదవ లేదు. వాయువులో తేలే జబ్బు వచ్చినప్పుడు ఏ బడి భద్రమో ఫీజుల పట్టిక చూస్తే తెలియదు.

ఆ మాటకొస్తే 2020లో మనం కడిగిందంతా బల్లలనే. బ్లీచింగ్ చల్లాం, గేటుకు శానిటైజర్ పూశాం, నోటు పుస్తకాలను ఎండలో ఆరబెట్టాం. ఇది ముఖ్యంగా మూసిన గదుల గాలిలో వ్యాపిస్తోందని అందరికీ తలకెక్కేసరికి చాలా కాలం పట్టింది. తలుపులు, కిటికీలు బార్లా తీయడానికి రూపాయి ఖర్చు లేదు. బహుశా అందుకేనేమో దాని గురించి ఎవరూ ప్రకటనలు వేయలేదు.

కర్ణాటక ఈ దారిలో ఓ ప్రయత్నం చేసింది. 'విద్యాగమ' పేరుతో టీచర్లే ఊళ్లలోకి వెళ్లి చెట్ల కింద, గుడి అరుగుల మీద పిల్లలను కూర్చోబెట్టి చెప్పారు. ఆలోచన మంచిదే. కానీ కొన్నిచోట్ల పిల్లలకు, టీచర్లకు సోకిందన్న వార్తలతో 2020 అక్టోబరులో ఆపేశారు. ఎక్కడో ఒకచోట కేసు వస్తుంది... వచ్చినప్పుడు ఏం చేయాలో ముందే రాసుకోకపోతే మొత్తం ఆపడం ఒక్కటే మిగులుతుంది. ఒక పిల్లకు వస్తే ఆ జట్టుకు సెలవా, ఆ బడికా, ఆ రాష్ట్రానికా? తెరిచే తేదీ కంటే ముఖ్యమైన ప్రశ్న ఇదేననిపిస్తుంది.

నీళ్ల సంగతీ చెప్పుకోవాలి. 'పిల్లలు తరచూ చేతులు కడుక్కోవాలి' అని మార్గదర్శకాల్లో ఒక్క వాక్యంలో రాసేశారు. కుళాయి ఉంటే కదా! ఆంధ్రప్రదేశ్‌లో 'నాడు-నేడు' తొలి విడత కింద పదిహేను వేలకు పైగా బడుల్లో నీళ్లు, మరుగుదొడ్ల పనులు ఆ సెలవుల కాలంలోనే సాగాయి. 2021 ఆగస్టు 16న బడులు మళ్లీ తెరిచినప్పుడు ఆ బడుల పిల్లలకు అదో ఊరట. మూసిన రోజులను పనికి వాడుకోవడమంటే అది.

కృష్ణకు ఇవతల, అవతల

మరి తెరవడానికి గీత ఎక్కడ గీయాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మేలో ఓ కొలత చెప్పింది. వంద పరీక్షలు చేస్తే ఐదుగురికంటే తక్కువ మందికి వ్యాధి తేలాలి, అలా వరసగా రెండు వారాలు ఉండాలి. ఆంక్షలు సడలించడానికి అదో గుర్తు. అమెరికాలో చాలాచోట్ల బడులకూ అదే కొలబద్ద పట్టారు. లోపాలు లేకపోలేదు. పరీక్షలు తక్కువ చేస్తే అంకె మారిపోతుంది. అయినా ఓ అంకె ముందే చెప్పి ఉంచితే తల్లిదండ్రులకు ఏం చూడాలో తెలుస్తుంది.

మన దగ్గర అంకె లేదు, తేదీ ఉంది. 2022 జనవరిలో ఒమిక్రాన్ వచ్చింది గుర్తుందా? సంక్రాంతి సెలవులయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 17న బడులు తెరిచారు. తెలంగాణలో నెలాఖరు దాకా పొడిగించి ఫిబ్రవరి 1న తెరిచారు. అదే వైరస్, అదే పండగ, నాగార్జునసాగర్ దగ్గర కృష్ణకు ఓ ఒడ్డున బడి, ఇంకో ఒడ్డున సెలవు! ఎవరిది ఒప్పన్నది కాదు. ఏ లెక్క చూసి అన్నారో ఇటు నాయనమ్మకూ తెలియదు, అటు నాయనమ్మకూ తెలియదు. ఇక రాష్ట్రంలో ఒక్క కేసూ లేని గూడేనికీ, ఆస్పత్రుల్లో మంచాలు దొరకని నగరానికీ ఒకే ఉత్తర్వు. మండలం వారీగా చూసుకుంటే ఎన్ని బడులు ముందే తెరుచుకునేవో!

తెలంగాణలో 2021 సెప్టెంబరు 1న తెరవాలనుకున్నప్పుడు ముందురోజే హైకోర్టు జోక్యం చేసుకుంది. గురుకులాలు, వసతిగృహాలు తెరవొద్దంది. బడికి రావాలని పిల్లలను బలవంతపెట్టొద్దంది. పగలు వచ్చి సాయంత్రం వెళ్లే బడి వేరు, రాత్రిళ్లు ఒకే హాల్లో పక్కపక్కనే పడుకునే వసతిగృహం వేరు. ఆ తేడా కోర్టు చెప్పేదాకా ఆగాల్సింది కాదు.

టీచర్ల మాట మరిచిపోతే అన్యాయం. గదిలో అందరికంటే ఎక్కువ ప్రమాదం పిల్లలకు కాదు, బోర్డు ముందు నిలబడ్డ యాభై ఏళ్ల మాస్టారికి. ఆయనకు షుగరుంటే మరీను. 2021 ఉపాధ్యాయ దినోత్సవంలోగా టీచర్లందరికీ టీకా వేయాలని కేంద్రం రాష్ట్రాలకు రెండు కోట్లకు పైగా అదనపు డోసులు ప్రకటించింది ఆ ఏడాది ఆగస్టు చివర్లో. బడులు తెరిచే మాట అంతకు ఏడాది ముందు నుంచీ నడుస్తూనే ఉంది! ప్రైవేటు టీచర్లది ఇంకో కథ. జీతాల్లేక ఇబ్బందులు పడుతుంటే 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం నెలకు రెండు వేల రూపాయలు, పాతిక కిలోల బియ్యం ఇచ్చింది. బడి తెరవాలని అందరికంటే ఎక్కువ కోరుకున్నదీ, తెరిస్తే అందరికంటే ఎక్కువ భయపడాల్సిందీ వాళ్లే.

ఇంకో చిన్న మాట. 2020లో మద్యం దుకాణాలు ఆంధ్రప్రదేశ్‌లో మే 4న, తెలంగాణలో మే 6న తెరిచారు. బడులు ఎప్పుడో పైన చెప్పుకున్నాం.

ఫోను నాన్నతో పోయింది

మూసి ఉంచడానికీ ధర ఉంది. అది ఆస్పత్రి బిల్లులా వెంటనే చేతికి రాదు కాబట్టి లెక్కలోకి రాలేదు. యాదగిరి, టీ-శాట్, సప్తగిరి చానెళ్లలో పాఠాలు వచ్చాయి. కష్టపడి చేశారు, కాదనలేం. కానీ కూలికెళ్లే ఇంట్లో ఫోను ఒకటే ఉంటుంది, అది పొద్దున్నే నాన్న జేబులో వెళ్లిపోతుంది. ఆర్థికవేత్త జాన్ డ్రీజ్, రీతికా ఖేరా మరికొందరితో కలిసి 2021 ఆగస్టులో 15 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో పేదల వాడల్లో 1400 మంది పిల్లలను కలిశారు. పల్లెల్లో క్రమం తప్పకుండా ఆన్‌లైన్ పాఠాలు వింటున్నది నూటికి ఎనిమిది మంది. అసలేమీ చదవనివాళ్లు 37 మంది.

ఏడాది తర్వాత వచ్చిన 'అసర్' నివేదిక గ్రామాల్లో మూడో తరగతి పిల్లల ముందు రెండో తరగతి పాఠం పెట్టి చదవమంది. ఆంధ్రప్రదేశ్‌లో చదవగలిగినవాళ్లు 2018లో 22.6 శాతం ఉండేవారు. 2022కి 10.3కి పడిపోయారు. తెలంగాణలో 18.1 నుంచి 5.2కి. అంతకుముందు మాత్రం గొప్పగా వెలిగిపోతున్నామా అనొచ్చు. నిజమే, వెలగలేదు. కానీ ఐదో వంతు నుంచి ఇరవయ్యో వంతుకు రావడం వేరు.

ఆ మూడో తరగతి పిల్లలు ఎవరు? 2020 జూన్‌లో ఒకటో తరగతిలో పేరు రాయించుకున్నవాళ్లు. కొత్త పలక, కొత్త సంచి కొనుక్కుని తెలంగాణలో పదిహేను నెలలు ఇంట్లోనే ఉన్నారు. 2021 సెప్టెంబరు 1న మొదటిసారి బడిలో అడుగుపెట్టేటప్పటికి హాజరుపట్టీలో వాళ్లు రెండో తరగతి. మూత్రానికి వెళ్లాలంటే చేయెత్తి అడగాలని కూడా తెలియదు. వరసలో నిలబడటం తెలియదు. కొందరికి పలక చిన్నదైపోయింది, చాలామందికి సంచి కొత్తగానే ఉంది. రెండో తరగతి తెలుగు వాచకం బల్ల మీద పెట్టుకుని గదిలోకి వచ్చిన టీచర్లు, ఓ ఐదు నిమిషాలు చూసి, పుస్తకం మూసి పక్కన పెట్టారు. చాక్‌పీసు అందుకుని బోర్డు మీద 'అ' రాశారు.